పదిహేడో మంట

నా చెలకలో రాకెట్ ఇంజన్ కాల్చి పరీక్షిస్తారు.

గోదాముకని చెప్పి ఆ మెట్ట చెలకను అమ్మించినవాడు నా మేనబావ విజేందర్. పైగా అక్కడే నన్ను కూలీగా పెట్టించాడు.

"చెలక యాడ పోయింది బామ్మర్దీ, రోజు దాంట్లనే ఉంటివి గద" అని నవ్వేవాడు.

ఇంజన్‌లో మంట మండే చోటు ఒక రాగి గది. బిందె అంత ఉంటుంది. లోపల మంట, గోడ వెనక సన్నటి కాలువల్లో మంచుకన్నా చల్లటి ఇంధనం. కాల్చిన ప్రతిసారీ ఆ గోడ సాగుతుంది, ముడుచుకుంటుంది.

"ఒక్కసారి కాల్చి పారేసేది కాదు కాకా. రాకెట్ పోయి తిరిగొస్తది. మళ్ల గీ గదితోనే పోవాలె. ఇరవై అయిదుసార్లు మంటకు తట్టుకోవాలె" అనేది రూప. అక్కడ ఇంజనీరు. నారాయణపేటలో మగ్గం నేసే ఇంటి పిల్ల.

నేను అయిదో తరగతిలో బడి మాని, రాగి బిందెలకు కళాయి పూసినవాణ్ణి. రాగి అలసిపోతే నా గోరుకు తెలుస్తుంది. రూపకు గది లోపల చూసే కెమెరా ఉంది. అయినా ఇంజన్ చల్లారగానే ముందు నన్నే పిలిచేది.

"ఏమంటది కాకా?"

"సాఫ్ ఉంది బిడ్డా."

పదిహేనుసార్లు నిజమే చెప్పాను.

పదహారో మంట తర్వాత, గది సన్నబడే చోట గోరు తట్టింది. వెంట్రుకంత చీలిక.

బయట విజేందర్ కొత్త షెడ్డుకు ముగ్గు పోయిస్తున్నాడు. పక్క రెండు చెలకలకూ వాడే బేరం కుదిర్చాడట.

పోతే ఇంజనే కదా పోయేది అనుకున్నాను.

"ఏమంటది కాకా?"

"సాఫ్ ఉంది బిడ్డా."

పదిహేడో మంట. తొమ్మిదో సెకనుకు గోడ చీలింది. మంట పక్కకు చిమ్మింది. స్విచ్ నొక్కినా ఇంధనం ఆగలేదు. మేమంతా కాంక్రీటు గోడ చాటునే ఉండిపోయాం. వాల్వు చేత్తో తిప్పడానికి రూప ఒక్కతే ఉరికింది.

దవాఖానలో ఆమె చేతులు రెండూ మోచేతుల దాకా కట్లలో ఉన్నాయి.

"లెక్క నేనే తప్పిన కాకా. ఇరవై అయిదు మంటలకు తట్టుకుంటదనుకుంటి. తప్పు నాదేనని పెద్దసార్లకు చెప్పిన."

నా చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"ఇంగ ఆడ కాల్చరంట. జాగ అమ్ముతే ముందుగాల నీకే ఇయ్యుమని అడుగుత. ఎంత ఉండె కాకా నీది?"

చెప్పాల్సింది నోటిదాకా వచ్చింది.

"ఎకరం పద్నాలుగు గుంటలు బిడ్డా" అన్నాను.