మేకుల కచేరీ

కచేరీలో ఎవరి చెయ్యి తప్పినా సర్దుకోవచ్చు. మత్తయ్య నోట్లోంచి మాత్రం మేకులు బయటికి రాకూడదు. ఇది నిరోషా పెట్టిన నియమం.

నిరోషా పెళ్లికూతురు. మత్తయ్య ఆమె తండ్రి, తాండూరులో సోఫాలు తయారు చేస్తాడు. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, పెదాల మధ్య నుంచి ఒక్కొక్కటే తీసి టకటకా కొట్టడం ఆ పనివాళ్లకు అలవాటే.

పెళ్లి వికారాబాద్‌లో. విందుకు మగపెళ్లివారు బ్యాండు మాట్లాడుకున్నారు.

"మన దిక్కు నుంచి గూడ ఏమన్న ఉండాలె. ఎవరి పని సామాన్లతోని వాళ్లం దరువేద్దం," అంది నిరోషా.

"నా బిడ్డ పెండ్లిల నేను ఊకె కూసుంటనా? సుత్తె వట్టుకొస్త," అన్నాడు మత్తయ్య.

"ఉత్త సుత్తె పడితె సోఫా మేస్త్రి అని ఎట్ల తెలుస్తది నాయినా? నోట్ల మేకులుండాలె. ఫోటోల గూడ మంచిగ పడ్తది."

"మింగితె ఎట్ల?" తల్లి శాంతవ్వ అడ్డొచ్చింది.

"ఇన్నేండ్ల సంది మింగనోడు నా పెండ్లిల మింగుతడా అమ్మా?"

కూతురు అడిగితే మత్తయ్య ప్రాణమైనా తీసి ఇస్తాడు. మేకులెంత?

నిరోషా బెంగంతా కాబోయే మామ గురించే. ఆయన చర్చి క్వయర్‌కు పెద్ద. శ్రుతి తప్పినవాణ్ణి మొహం మీదే దులిపేస్తాడని పేరు. ఆయన ముందు ఇజ్జత్ పోతే ఆ ఇంట్లో తలెత్తుకు తిరగడం కష్టం.

సాయంత్రాలు వాకిట్లో సాధన మొదలైంది. తమ్ముడు శ్రీను బండల పాలిష్ మిషన్ దగ్గర పనిచేస్తాడు, నాపరాయి పలక మీద ఉలితో కొట్టాడు. శాంతవ్వ పప్పుమిల్లు నుంచి తెచ్చిన చేటలో కందులు ఆడించింది. బడిలో అన్నం వండే మేనత్త రెబెక్క గిన్నె మీద గంటెతో విరుచుకుపడింది. గంటె జారి ఎగిరి కోడికి తగిలింది. నిరోషా పల్లెత్తు మాట అనలేదు. శ్రీను చెయ్యి ఎటు పోతోందో అతనికే తెలియదు. అయినా అనలేదు.

మత్తయ్య నీళ్లు తాగడానికి మేకులు తీస్తే మాత్రం ఇంతెత్తున లేచింది.

"శ్రీనూ, నాయిన నోట్ల మేకులు లెవ్వు సూడు! పొయ్యి జల్ది!"

ఆ మోతకు నిజానికి వాడకట్టంతా మీదపడి తిట్టాలి. ఒక్కరూ తిట్టలేదు. ఎదురింటి నాగవ్వ అయితే చాయ్ కూడా పంపింది.

"గిట్లనే కానియ్యి బిడ్డా, ఆపకుండ్రి," అంది.

పెళ్లి బాగా జరిగింది. విందులో వీళ్ల వంతు వచ్చింది. మత్తయ్య సోఫా చట్రం ముందు కూర్చుని, బుగ్గలు ఉబ్బేలా మేకులు పోసుకున్నాడు. కచేరీ మొదలైంది. శ్రీను పలక రెండు ముక్కలైంది. కందులు ముందు వరుస వాళ్ల బిర్యానీలో పడ్డాయి. జనం పడీ పడీ నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు మామ లేచాడు. మైకు తెచ్చి మత్తయ్య ముందు పెట్టాడు.

"బావా, రెండు మాటలు మాట్లాడు."

మత్తయ్య కళ్లు మెరిశాయి. మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేశాడు. గొంతు సవరించుకున్నాడు. శాంతవ్వ చేట కిందపడింది. రెబెక్క కళ్లు మూసుకుని ప్రార్థన అందుకుంది.

నిరోషా కుర్చీలోంచి ఒక్క దూకు దూకింది. తెల్లచీర కొంగు జారిపోతున్నా చూసుకోలేదు. చట్రం పక్కనున్న డబ్బాలోంచి పిడికెడు మేకులు తీసి తండ్రి నోట్లో తన చేత్తో పోసింది.

"ఇంకో దరువు నాయినా! నా కోసం!"

హాలు దద్దరిల్లింది. బిడ్డ గోరుముద్దలా మేకులు తినిపిస్తుంటే మత్తయ్యకు కన్నీళ్లు ఆగలేదు. చెయ్యి పడిపోయేదాకా కొట్టాడు. మామ కూడా కళ్లు తుడుచుకుని, తండ్రీకూతుళ్లంటే ఇలా ఉండాలని మైకులో చెప్పాడు.

జనం పలచబడ్డాక పెళ్లికొడుకు ప్రణయ్ ఆమె చెవి దగ్గర వంగాడు.

"మస్తు చేసిండ్రు. నీకీ ఆలోచన ఎట్లొచ్చింది?"

మత్తయ్య దూరంగా డీసీఎం వ్యానులోకి చట్రం ఎక్కిస్తున్నాడు. నిరోషా అటు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నా పెండ్లిల పాట పాడుతనని నాయిన పట్టువట్టిండు, ఆ నోరు మూపిచ్చెతందుకే గిదంత."