వెన్నలాంటి రేజరు

కీత్ హాలమ్ మాట్లాడుతుంటే ఎవరూ బీరు గ్లాసు కూడా ఎత్తరు.

షెఫీల్డ్‌లో ఆ పబ్బు మేడమీద గదిలో పాత రేజర్ల సంఘం నెలకోసారి కలుస్తుంది. అందరూ పింఛను పుచ్చుకునేవాళ్లే. తాతల నాటి రెండంచుల బ్లేడు రేజర్లు వెతికి కొని, తోమి మెరిపించి, ఏది ఎలా గీస్తుందో వాదించుకుంటారు. వాదన తెగకపోతే అందరి చూపూ కీత్ వైపే. సంఘం పత్రికలో అతను రాసిందే తీర్పు.

ఆ రోజు బల్ల మీద మూడు రేజర్లున్నాయి.

“ఈ లావు పిడిది బరువెక్కువ. మనం నొక్కకూడదు, దాని దారిన దాన్ని పోనివ్వాలి,” అన్నాడు కీత్. “ఈ చక్రం తిప్పేది ఉందే, కాస్త ఎక్కువ తిప్పారా, బ్లేడు బయటికొచ్చి ఎముక మీద చర్మం పలచగా ఉన్నచోట చురుక్కుమంటుంది. ఇక ఈ పళ్ల రేజరు చూడ్డానికి దువ్వెనలా ఉండి భయపెడుతుంది గానీ, వెన్నపూస తీసినట్టు పోతుంది. మడత పడేచోట కూడా మెత్తగా జారుతుంది.”

ముందు వరుసలో ఉన్న సిరిల్ బ్రామల్ చెయ్యెత్తాడు. ఎనభై దాటిన మనిషి. వేళ్లు వణుకుతున్నాయి.

“అబ్బాయ్, గుండె డాక్టరు నాకు రక్తం పలచబడే మాత్రలిచ్చాడు. తెగిందంటే ఓ పట్టాన ఆగదు. మా అమ్మాయేమో గడ్డం పెంచెయ్యమంటోంది. ఈ వయసులో మేకపోతులా తిరగమంటావా? నాకే రేజరు మంచిదో చెప్పు.”

గదంతా నవ్వింది. కీత్ నవ్వలేదు. ‘నాకు తెలీదు’ అనాలి. రెండే ముక్కలు. కానీ బస్సు డిపోలో ఉద్యోగం చేసినంతకాలం అతని మాట విన్నవాడు లేడు. ఇక్కడ ఇంతమంది ఊపిరి బిగబట్టి వింటున్నారు.

“పళ్లదే,” అన్నాడు. “కళ్లు మూసుకుని తీసుకోండి.”

తర్వాతి సమావేశానికి సిరిల్ మెడ చుట్టూ కట్టుతో వచ్చాడు. గొంతు కింద తెగిందట. ఎంత అదిమినా రక్తం ఆగకపోతే పక్కింటావిడ అంబులెన్సు పిలిచిందట.

కీత్ కుర్చీ వెనక్కి నెట్టాడు. లేచి ఎదురెళ్లాడు.

“పెద్దాయనా, తప్పంతా నాది. నేనే కదా...”

“నీదెలా అవుతుందయ్యా? తప్పు ఈ వణికే చేతిది. పైగా నా మెడ మీద వెంట్రుకలు అష్టదిక్కులకీ తిరిగుంటాయి,” సిరిల్ అతని భుజం తట్టాడు. “నీ మాట ఎన్నడన్నా తప్పిందా? ఏదీ, ఆ చెంపలు చూడనీ! పసివాడి బుగ్గలురా బాబూ!”

కీత్ చెయ్యి చెంప దాకా వెళ్లి ఆగిపోయింది. ముసలాయన నాలుగు తిట్టినా బాగుండేది.

“అది కాదండీ. అసలా రేజరు నేను...”

“ఉండవయ్యా, ముందు ఇది పట్టు.”

సిరిల్ కోటు జేబులోంచి చేతిరుమాలు మూట తీశాడు. అందులో గీతలు పడ్డ చిన్న రేజరుంది.

“మా నాన్నది. కత్తుల కార్ఖానాలో సానపట్టేవాడు. పొద్దున్నే దీంతో గీసుకుని, ఆ చల్లటి చెంప నా చెంపకి ఆనించి, అప్పుడు పనిలోకి వెళ్లేవాడు. డాక్టరు నన్నింక బ్లేడు ముట్టొద్దన్నాడు. దీని విలువ తెలిసిన ముఖం నీదొక్కటే. గీసుకుని చూసి ఎలా ఉందో చెప్పు. పత్రికలో వెయ్యకపోయినా ఫరవాలేదు. నాకు చెప్తే చాలు.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో కీత్ నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. అరచేతిలో ఇమిడే రేజరు, ఇంటికి చేరేసరికి మొయ్యలేనంత బరువైంది.

భార్య మౌరీన్ వడ్డించిన మాంసం కూరిన పై రొట్టె, బఠాణీలు చల్లారిపోయాయి. అతను చెంచా ముట్టలేదు.

“చెప్పేశావా?” అంది.

“నోరు పెగల్లేదు.”

“ప్రాణం మీదికొచ్చింది ఆయనకి, కీత్.”

“ఆ మాట నువ్వు గుర్తు చెయ్యాలా?”

“దెప్పటం లేదు. ఇందులో నాకూ పాలుందిగా.”

“నీదేం లేదు. చెప్పింది నేను. రాసింది నేను. ఊళ్లోవాళ్ల చేత భేష్ అనిపించుకుంది నేను.”

మౌరీన్ కంచం తీసి పక్కన పెట్టింది. రుమాలు విప్పి రేజరును అటూ ఇటూ తిప్పి చూసింది.

“మరి దీని సంగతి? పాపం, ఎదురు చూస్తుంటాడు.”

కీత్ రేజరును మళ్లీ రుమాల్లో చుట్టేశాడు. తెల్లవార్లూ పక్కమీద దొర్లాడు. కళ్లు మూస్తే తెల్లటి కట్టు, దాని మీద ఎర్రటి మరక.

పొద్దున స్నానాలగదిలో, ఎప్పట్లాగే మౌరీన్ తొట్టి అంచున కూచుని, గౌను మోకాళ్ల పైకి మడిచి, పిక్కలకు సబ్బు నురగ పట్టించి, “ఏదీ, ఇలా ఇవ్వు, నేను గీస్తూ చెప్తాను, నువ్వు రాసుకో,” అని చెయ్యి చాపితే, కీత్ ఆ రేజరు ఆమెకివ్వకుండా, ఇన్నేళ్లలో కరెంటు మిషను తప్ప ఏ బ్లేడూ తాకని తన చెంపకి మొదటిసారి నురగ పూసుకున్నాడు.