ఓర్పుకు ఎన్ని మార్కులు?

"ఇది బండా, పాత ఇనుప సామాన్ల కొట్టా? దీన్ని లాగడానికి ఇంకో బండి రావాలేమో!" అన్నాడు గుంట పక్కన నిలబడ్డ పెద్దమనిషి.

రికవరీ ట్రక్కులోంచి దిగుతున్న చిటపట అనే డ్రైవరు చిరునవ్వు నవ్వాడు. అతన్ని అసలు పేరుతో పిలిచేవారు శిక్షణ తరగతిలో ఒక్కరూ లేరు. ముక్కు మీద కోపమున్నవాడికి తగిన పేరే పెట్టారని అతను కూడా ఒప్పుకునేవాడు. దారిలో ఆగిపోయిన బండ్లను ఎత్తుకురావడంలో అతనికి వంక పెట్టినవారు లేరు. ఆ బండ్ల పక్కన నిలబడ్డ మనుషులతో మాట్లాడే పరీక్షలోనే రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూడా తప్పితే ట్రక్కు తాళాలు వెనక్కిచ్చి షెడ్డులో కార్లు కడుక్కోవాలని యజమాని తేల్చి చెప్పాడు. ఆ పరీక్ష ఎప్పుడో ముందుగా చెప్పరు. "ఈ వారం నీకు వచ్చే పిలుపుల్లో ఒకటి మేం పంపిన మనిషిది. ఏదో నువ్వు కనిపెట్టలేవు," అని మాత్రం శిక్షకురాలు హెచ్చరించింది.

అతను చూడగానే కనిపెట్టేశాడు. కారు ముందు చక్రం గుంటలోకి ఎంత పద్ధతిగా దిగిందంటే, బంపరు మీద గీత కూడా పడలేదు. పెద్దమనిషి చొక్కా ఇస్త్రీ నలగలేదు. పైగా మామూలు మనుషులకు కోపం వస్తే మాట తడబడుతుంది. ఈయన తిట్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వరసగా వస్తున్నాయి.

"ఆలస్యమైంది, క్షమించండి సార్. మీకు దెబ్బలేమీ తగల్లేదు కదా?"

"తగిలితే ఏం చేస్తావ్, ఊదుతావా?"

"ముందు మీరు ఈ రెయిలింగు వెనక్కి రండి సార్. కారు సంగతి తర్వాత, మీరు ముఖ్యం."

ఆ మాట ఎంత తియ్యగా వచ్చిందంటే, ఇది తన నోరేనా అని అతనికే అనుమానం కలిగింది. పొద్దున బయలుదేరుతుంటే భార్య, "నీ కోపాన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళు, సాయంత్రం దాకా నేను కాపలా కాస్తాలే," అంది. నిజంగానే ఇంట్లో మరిచిపోయి వచ్చాడు కాబోలు.

రోడ్డు మీద కోన్లు పెట్టాడు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూశాడు. కారు కింద కొక్కెం తగిలించి, దాన్ని పైకి లాగే వించ్ తీగను కొద్దికొద్దిగా బిగించసాగాడు. పెద్దమనిషి నోరు మాత్రం మూతపడలేదు.

"కారు లాగుతున్నావా, జడ అల్లుతున్నావా?"

"మెల్లగా లాగితే మీ కారుకే మంచిది సార్."

"పుట్టేటప్పుడు కూడా మీ అమ్మను ఇంతసేపు కూర్చోబెట్టావా?"

చిటపట చెవులు వేడెక్కాయి. అమ్మ మాట దాకా వచ్చాడంటే ఇది పెద్ద మార్కుల ప్రశ్నే అయి ఉంటుందని లెక్క వేసుకున్నాడు. "అవును సార్, ఇప్పటికీ అదే చెప్పి దెప్పుతుంది," అని వినయంగా ఒప్పుకున్నాడు.

దారి పొడుగునా అంతే. కేబిన్‌లో సీటు గుచ్చుకుంటోందంటే తన తువ్వాలు మడిచి వేశాడు. ఫ్యాను వద్దంటే ఆపాడు, ఉక్కపోస్తోందంటే మళ్ళీ తిప్పాడు. ఇంతటి శాంతమూర్తి ఇన్నాళ్ళూ తనలో ఏ మూల దాక్కున్నాడో అనుకుని, తన మీద తనకే కొంత భక్తి కూడా కలిగింది.

షెడ్డు ముందు ట్రక్కు ఆపి, పెద్దమనిషికి తలుపు తీసిపట్టి, చేతులు జోడించాడు.

"ఇంక దాపరికం ఎందుకు సార్. మీరు భలే తిడతారు. మరి నాకెన్ని మార్కులు వేస్తున్నారు?"

పెద్దమనిషి ముఖం చిట్లించాడు. "మార్కులేంటి? ఎండదెబ్బ తగిలిందా నీకు?"

"మీరు శిక్షణ కేంద్రం నుంచి కాదా?"

"ఏ కేంద్రం? నేను సిమెంటు వ్యాపారిని. వాగకుండా కారు దించు."

చిటపట ట్రక్కు మీది కారు వంక చూశాడు. అయితే ఈయన నిజం మనిషి. తిట్లు నిజం తిట్లు. పరీక్ష ఇంకెక్కడో, ఇంకో రూపంలో కాచుకుని ఉంది. దాని కోసం దాచుకున్న ఓర్పంతా బూడిదలో పోసిన పన్నీరైంది. మార్కులు రాని చోట మర్యాద ఎందుకు? ఇంటి దగ్గర భార్య కాపలాలో ఉన్న కోపం గోడ దూకి వచ్చేసింది.

"ఏంటయ్యా, నాది ఇనుప కొట్టా? ఈ ఇనుప కొట్టే రాకపోతే నువ్విప్పటికీ ఆ గుంటలో కప్పలకు సిమెంటు అమ్ముతుండేవాడివి. తిన్నగా ఉన్న రోడ్డు మీద కారు నడపడం రాదు గానీ నాకు పని నేర్పుతావా? జడ అల్లుతున్నానా నేను? అల్లాల్సింది నీ నోటికి, కొసన ముడి వేసి మరీ. మా అమ్మ ఆలస్యంగానైనా మనిషిని కన్నది. మీ అమ్మ లౌడుస్పీకరును కన్నది!"

షెడ్డులో కార్లు కడుగుతున్నవాళ్ళు నీళ్ళు కట్టేసి మరీ విన్నారు. చిటపటకు ఒళ్ళు దూదిపింజలా తేలికైంది. పొద్దుటినుంచి బిగపట్టిన ఊపిరి అప్పుడే వదిలినట్టు అనిపించింది.

పెద్దమనిషి తల పక్కకు వాల్చి, ఒక్క మాటకూ అడ్డురాకుండా అంతా విన్నాడు. ముఖంలో చిట్లింపు లేదు. ఆయన నోరు విప్పినప్పుడు గొంతు కూడా వేరేగా, ఎంతో మెత్తగా ఉంది.

"మార్కుల మాటెత్తితే ఏమీ ఎరగనట్టు ఉండమని మాకు చెప్పే పంపిస్తారు బాబూ. ఇక నెమ్మదిగా కారు దించండి, పరీక్ష అక్కడితో అయిపోతుంది."