వదులు మూత

"ఇద్దరికీ తగ్గింది. ఏం వాడారు?" అంది డాక్టరమ్మ, నాలుగు చేతుల్నీ లైటు కింద తిప్పి చూస్తూ.

లాండ్రీ నడిపే ఆ తోడికోడళ్లకి వేళ్ల సందుల్లో తామర పట్టి ఏడాదైంది. అన్నట్టు, ఇద్దరికీ మాటలు లేక కూడా ఏడాదే. ఒకే తొట్టిలో చేతులు పెడతారు, పని మాటలు మాత్రం మొగుళ్ల చేత చెప్పిస్తారు.

"నిమ్మగడ్డి నూనె. మందుల జోలికే పోలేదు," అంది పెద్దకోడలు.

"మీరిచ్చిన ఆయింట్‌మెంటే. ఆ నూనె వాసన నాకు పడదు," అంది చిన్నకోడలు.

"మీకు పట్టింది మొండి తామర. ఆయింట్‌మెంటు ఒక్కదానికే లొంగదని పరీక్షలో తేలింది. నూనె ఒక్కటీ చాలదు. రెండూ కలిస్తేనే ఇలా తగ్గుతుంది. అంటే ఒకరిది ఒకరు వాడారన్నమాట."

చిన్నకోడలు గోడ మీదున్న చర్మం బొమ్మని శ్రద్ధగా చూసింది. పెద్దకోడలూ అదే బొమ్మని చూసింది.

"నా ట్యూబు ఊరికే అయిపోతుంటే ఇంకోటి కొన్నాను," అంది చిన్నకోడలు బొమ్మతో. "అందేచోటే పెట్టాను."

అంతవరకూ ఆ ఇంట్లో మంచితనం తనొక్కదానిదే అనుకుంది. నూనె సీసా మూత ఎప్పుడూ వదులుగానే ఉండేది. పెద్దావిడకి మూత బిగించడం కూడా చేతకాదని మొగుడితో ఎన్నోసార్లు అంది.

"తడి చేతులతో నీకు మూత రాదుగా," అంది పెద్దకోడలు, సూటిగా ఆమెతోనే.

చిన్నకోడలు తన వేళ్లు వాసన చూసుకుంది.

"వాసన మాత్రం ఘోరంగా ఉందక్కా."