చెరువు తీర్మానం

మొదటి కుర్చీ ఛైర్మన్ చెవి పక్కగా దూసుకుపోయి గోడ గడియారాన్ని పగలగొట్టింది.

ఛైర్మన్ బల్ల కిందికి దూరాడు. అక్కడ అప్పటికే కమిషనర్ ఉన్నాడు.

"కాస్త జరగవయ్యా!"

"ఇది నా చోటు సార్. మీరు ఆ బల్ల కాలు పక్కకి రండి."

పైన పురపాలక సంఘం సమావేశ మందిరం ఎద్దులు తొక్కిన మిరపతోటలా ఉంది. అద్దాలు పగులుతున్నాయి. చొక్కాలు చిరుగుతున్నాయి. ఎవరో ఎవరినో ఫ్యాను స్విచ్చుల బోర్డుకేసి కొడుతుంటే, దెబ్బదెబ్బకీ ఫ్యాను ఆగి మళ్లీ తిరుగుతోంది.

ఛైర్మన్ గుండె దడదడలాడుతున్నది భయంతో కాదు, తొందరతో. ఊరి మంచినీళ్ల చెరువు పూడ్చి షాపింగ్ కాంప్లెక్స్ కట్టే తీర్మానం ఇవాళే నెగ్గాలి. సాయంత్రం నుంచి ఎన్నికల నియమాలు అమల్లోకొస్తాయి. ఆ తర్వాత ఏ తీర్మానమూ చెల్లదు. తను మళ్లీ గెలుస్తాడన్న నమ్మకం అతని భార్యకే లేదు. సభలో బలం మాత్రం అతనిదే. చేతులెత్తించడం చిటికెలో పని.

తీరా ఎత్తాల్సిన చేతులు కుర్చీలెత్తాయి.

దీనంతటికీ మూలం ఇద్దరే. ఒకరు చెరువుకట్ట వార్డు సభ్యురాలు. బట్టలు కుడుతుంది. ఊరంతా 'సూదిపిల్ల' అంటారు, సగం వృత్తిని బట్టి, సగం నోటిని బట్టి. రెండోవాడు ఛైర్మన్ సొంత మేనల్లుడు, మార్కెట్టు వార్డు సభ్యుడు. వాడి పేరు 'రోడ్డు రోలర్'. అడ్డొచ్చినదాని పక్క నుంచి పోవడం వాడికి పుట్టుకతోనే చేతకాదు. ఆ ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారమని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

తీర్మానం చదవగానే సూదిపిల్ల లేచింది.

"చెరువు పూడ్చేస్తే జనం ఏం తాగాలి? కాంప్లెక్సు అద్దాలు నాకాలా?"

రోడ్డు రోలర్ లేచాడు. "బట్టలు కుట్టుకునేదానివి, ఆ నోరు కూడా కుట్టుకో!"

"నీ బుర్రకి అతుకేద్దామంటే గుడ్డేదీ నాయనా? అంతా చిరుగే!"

ఛైర్మన్‌కే నవ్వొచ్చింది. మేనల్లుడికి రాలేదు. మైకు ఊడబెరికి విసిరాడు. అది సూదిపిల్లకి తగలకుండా వెనకున్న పెద్దాయన రొమ్మున తగిలింది. పెద్దాయన కొడుకులిద్దరూ గుమ్మం బయటే ఉన్నారు. ఇంకేముంది!

ఆ సంఘానికో పాత కట్టుబాటు ఉంది. వెనకటికి ఒక సభ్యుడు ఇలాంటి గొడవలోనే తల పగిలి, రక్తం తుడుచుకుంటూనే ఓటేసి, ఇంటికెళ్లి ప్రాణం వదిలాడు. అప్పటి నుంచి మందిరంలో రక్తం కనబడితే ఆ రోజుకి సభ బంద్. బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఓటింగ్ ఉండదు. అందుకే ఇక్కడి కొట్లాటలు ఎప్పుడూ వీపుల మీదే సాగుతాయి.

"రక్తం గానీ పడిందా?" ఛైర్మన్ అడిగాడు.

కమిషనర్ తల బయటికి పెట్టి చూశాడు. "ఇంకా లేదు సార్. ఎవరిదో పన్నూడింది."

"పన్నూడితే రక్తం రాదా?"

"కట్టుడు పన్ను సార్."

ఛైర్మన్ ఊపిరి పీల్చుకుని బల్ల కింద నుంచే అరిచాడు. "ఒరేయ్ అల్లుడూ! ఆగరా! ఓట్లు మనవేరా! కూర్చుని చెయ్యెత్తితే చాలురా!"

"నన్నాపకండి మామయ్యా! నా చేతుల్లో దీనికివాళ మూడింది!"

వాణ్ణి ఎవరూ ఆపడం లేదు. ఆపబోయిన ఇద్దరు మూలన పడి మూలుగుతున్నారు. వాడు బల్లను ఒక్క తన్ను తన్నాడు. అది పోయి సూదిపిల్లను బీరువాకేసి నొక్కింది. బీరువా తలుపు ఒరుసుకుని ఆమె మోచెయ్యి దోక్కుపోయింది. జాకెట్టు చేయి చిరిగింది. ఆమె చెయ్యి చూసుకుంది. కందింది, అంతే. ఊడిపడున్న కుర్చీ కాలొకటి అందుకుంది.

"వద్దమ్మా!" ఛైర్మన్ కేక పెట్టాడు. "వీపు మీద వెయ్యమ్మా! వీపు మీద!"

ఆమె రెండు చేతులా ఎత్తి కొట్టింది. ఎండు దుంగ చీలిన చప్పుడైంది. రోడ్డు రోలర్ నిలబడినవాడు నిలబడినట్టే మోకాళ్ల మీద కూలాడు. నుదుటి నుంచి కారిన నెత్తురు కనుబొమ్మలు దాటి, ముక్కు మీదుగా దిగి నేల మీద టపటపా రాలింది.

మందిరం మొత్తం బిగుసుకుపోయింది. కమిషనర్ పాకుతూ వెళ్లి వేలితో అద్ది చూశాడు.

"రక్తమే. సభ బంద్!"

"సరిగ్గా చూడవయ్యా! ఏ సిరానో అయ్యుంటుంది!"

"వెచ్చగా ఉంది సార్."

సాయంత్రం ఛైర్మన్ ఆసుపత్రికి వెళ్లాడు. చెరువు చేజారింది. కాంప్లెక్సు కలగానే మిగిలింది. దారి పొడుగునా మేనల్లుణ్ణి తిడుతూనే ఉన్నాడు. మెట్లెక్కుతుంటే మాత్రం మనసు కరిగింది. వెధవకి ఆవేశమెక్కువే గానీ, పాపం, తన పరువు కోసమే కదా తల పగలగొట్టుకున్నాడు! ఆ సూదిపిల్ల మీద కేసు పెట్టించాలి. వీడికి తొందరగా ఓ మంచి పిల్లను చూసి ముడిపెడితే నెమ్మదిస్తాడు. చక్కటి సంబంధం ఒకటి మనసులో ఉంది కూడా.

కుట్లేసే గది బయట నర్సు ఎవరూ లేరు. ఛైర్మన్ తెర పక్కకి లాగబోయాడు.

లోపల మేనల్లుడు నొప్పికి మూలుగుతూనే పకపకా నవ్వుతున్నాడు: "అబ్బా, ఇంట్లో రిహార్సల్ చేసినప్పుడు ఇంత గట్టిగా కొట్టలేదు కదే, పెళ్లామా!"