మళ్ళీ కదిలిన ముల్లు

"చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కండి," అంది డాక్టరమ్మ.

బేకరీలో అందరూ మాస్టర్ అని పిలిచే ఆ మనిషి చెప్పులతోపాటు బెల్టు, వాచీ, జేబులోని తాళాలు కూడా తీసి పక్కన పెట్టి బరువు మిషన్ ఎక్కాడు. దానివల్ల ఏదో ఒరుగుతుందన్నట్టు, పాపం, ఊపిరి కూడా బిగబట్టాడు. ముల్లు మాత్రం కిందటిసారి కంటే పైకే పోయింది.

"ఏం తింటున్నారు?"

"పొద్దున జావ, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరలు, రాత్రి మళ్ళీ జావ. ఒట్టు డాక్టరమ్మా! బిస్కెట్ ముక్క నోట్లో వేసుకుని ఎన్నాళ్ళయిందో."

"తగ్గడం ఒక ఎత్తు, తగ్గినదాన్ని నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. ఒంటికి పాత బరువంటేనే ఇష్టం, సందు దొరికితే అక్కడికే పరిగెడుతుంది. కానీ మరీ ఇంతలానా?" ఆమె కళ్ళజోడు తీసింది. "వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే మీ కిడ్నీ నేను తీయను. బల్ల మీద మీకే ముప్పు. మీ అక్కకి ఇంకెవరిదీ సరిపోలేదు. ఆవిడకి అట్టే టైం కూడా లేదు."

మాస్టర్ వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. కిడ్నీ ఇస్తానంటే మొదట ససేమిరా అంది. ఇతను పంతం పట్టి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పడుకునేసరికి, "సరే లేరా, నీ ఇష్టం" అని దిగొచ్చింది. బరువు తగ్గితేనే ఆపరేషన్ అన్నారు. తగ్గాడు. ఎలా తగ్గాడో ఎవరికి తెలుసు? రోజంతా వెన్నా చక్కెరా కలిపి పిండి పిసుకుతూ కడుపు మాడ్చుకున్నాడు. పొయ్యిలోంచి వేడి రొట్టెలు తీస్తుంటే కళ్ళు తిరిగేవి. నిద్రలో కూడా కేకులే కనిపించేవి. ప్యాంట్లన్నీ వదులైపోతే పండగ చేసుకున్నంత సంబరపడ్డాడు. ఆ సంబరం నిలవలేదు. అదే తిండి, అదే నడక, అయినా పోయిన బరువు దొంగలా ఒక్కో అడుగూ వేసుకుంటూ వెనక్కి వచ్చేస్తోంది.

ఇంటికొచ్చేసరికి అక్క వంటింట్లో స్టూలు మీద కూర్చుని కూరలు తరుగుతోంది. పాదాలు బాగా వాచి ఉన్నాయి.

"ఏమందిరా డాక్టరమ్మ?"

"అంతా బాగుందంది."

అక్క మళ్ళీ కూరలు తరగసాగింది. భార్య లోపల పిల్లకి స్నానం చేయిస్తోంది. ఊరికే కూర్చోలేక, పొద్దున తాను తాగి వదిలేసిన జావ గిన్నె తీసుకుని కుళాయి కింద పెట్టాడు మాస్టర్. వేళ్ళు జారాయి. మళ్ళీ రుద్ది చూశాడు. పిండి ముద్ద పట్టుకుంటే అందులో వెన్న ఎంత పడిందో చెప్పగల వేళ్ళు అవి.

వెన్న! జావలో వెన్న!

ఆపరేషన్ మాట వచ్చిన రోజు ఇదే ఇంట్లో భార్య గొంతెత్తి అన్న మాట చెవిలో గింగురుమంది. "మీకు అక్క ఒక్కతే కావచ్చు. నా బిడ్డకి తండ్రి కూడా ఒక్కడే!" జావ కాచేది ఎవరు మరి?

"ఇలా రా!" అని అరిచాడు. ఆమె తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "జావలో ఏం కలుపుతున్నావు?"

"ఉప్పండీ."

"ఇంకా?"

"ఇంకేం కలుపుతాను?"

అతను అల్మారాలు లాగాడు. బియ్యం డబ్బా బోర్లించాడు. ఆమె బీరువాలో చీరలన్నీ కింద పారేశాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి కోపం రెట్టింపైంది.

"ఎక్కడ దాచావు?"

"బుజ్జిదాని మీద ఒట్టు, నాకేం తెలీదు!"

"దాని పేరెత్తకు! దాన్ని అడ్డం పెట్టుకుని మా అక్క ప్రాణం తీస్తున్నావు."

"ఆ రోజు భయపడ్డాను, నిజమే," ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. "తర్వాత రోజూ తెల్లారకుండా మిమ్మల్ని లేపి నడకకి తరిమింది ఎవరండీ?"

"నాటకాలు చాలు."

అక్క గోడ పట్టుకుని లేచి వచ్చింది. "ఒరేయ్, దాన్నేమీ అనకు. దాని తప్పేం లేదు."

"నువ్వు ఊరుకో అక్కా. నీ మెత్తదనం చూసే కదా ఇంత ధైర్యం!" అతను భార్య వైపు తిరిగాడు. "ఇవాళ్టినుంచి నువ్వు వంటింటి గడప తొక్కడానికి వీల్లేదు. అక్కా, రేపటినుంచి నా తిండి నీ చేత్తోనే. ఈ ఇంట్లో నేను నమ్మేది నిన్నొక్కదాన్నే."

అక్క చాలాసేపు తమ్ముడి ముఖంలోకే చూసింది. ఆ తర్వాత తలూపింది.

పొద్దున్నే ముందుగదిలో భార్య పిల్లని ఒళ్ళో వేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. మాస్టర్ అటు చూడలేదు. ఎన్నాళ్ళకో గుండె మీది బండ దిగినట్టుంది అతనికి. వంటింట్లో జావ ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"వచ్చే నెల ముల్లు దిగకపోతే నన్నడుగు అక్కా!" అని బల్ల దగ్గర్నుంచి కేకేశాడు. "త్వరగా పెట్టు, ఆకలి దంచేస్తోంది."

"తెస్తున్నా నాన్నా."

తలుపు చేరవేసి, అక్క తన మందుల సంచిలోంచి వెన్న తీసింది.