తొంభై రెండో పేజీ

"ఒక పేరా వదిలేసినారు సార్!"

వెనక బెంచీ మీంచి వచ్చిన ఆ గొంతుకు రచయిత ఆనందబాబు చదవడం ఆపేశాడు.

బోగోలు గ్రంథాలయం హాలు కిటకిటలాడుతోంది. జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు.

లేచి నిలబడ్డవాడు ఒక ముసలాయన. తెల్లగడ్డం, నెత్తిన టోపీ, మోచేతి దగ్గర చిరిగిన చొక్కా.

ఆనందబాబు గబుక్కున పేజీ తిప్పేశాడు. వదిలేసిన మాట నిజమే మరి.

'ఉప్పుకాళ్లు' నవల అరవై రెండులో అచ్చయింది. ఉప్పు మళ్లలో కూలి చేసేవాళ్ల కథ. తొంభై రెండో పేజీలో ఒక కూలిమనిషి యజమానిని నిలదీసే పేరా ఉంది. పుస్తకానికి పేరొచ్చిందంటే ఆ పేరాతోనే. ఏడాది తిరక్కుండానే ఊరూరా సభలు పెట్టి రచయితను పిలుస్తున్నారు. నెల్లూరులో చదివితే చప్పట్లు. బుచ్చిరెడ్డిపాలెంలో చదివితే ఈలలు. సంగంలో అయితే రెండుసార్లు చదివించుకున్నారు.

"నేను ఎవరికీ భయపడి రాసేవాణ్ణి కాదు" అని ప్రతిచోటా ఛాతీ విరుచుకుని చెప్పాడాయన.

చెప్పనిది ఒకటుంది. ప్రూఫు దిద్దేటప్పుడు ఆ పేరాను తనే భయపడి ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. ప్రెస్సువాళ్లు తీయడం మరిచిపోయారో ఏమో, అలాగే అచ్చయిపోయింది. వాళ్ల మతిమరుపు పుణ్యమా అని మన రచయితగారు వీరుడైపోయారు.

కానీ ఇక్కడ సభాధ్యక్షుడు సాక్షాత్తూ ఉప్పు మళ్ల యజమాని. మెడలో పూలదండతో పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. ఆయన ముందు ఆ పేరా చదవడానికి ఆనందబాబుకు నోరు రాలేదు. చల్లగా దాటేశాడు.

"ఏం వదిలానయ్యా? అంతా చదివాను" అన్నాడు బింకంగా.

"లేదు సార్. కాళ్లను తిన్న ఉప్పు గురించి ఉండాదే, ఆ పేరా. ఇదిగో, ఈడ."

ముసలాయన తన చేతిలోని పుస్తకం మీద వేలు పెట్టి చూపించాడు.

పుస్తకం తలకిందులుగా ఉంది.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆనందబాబుకు ప్రాణం లేచొచ్చింది.

"పెద్దాయనా, ముందు పుస్తకం సరిగ్గా పట్టుకో. తర్వాత నా తప్పులు పట్టుదువుగాని!"

హాలంతా గొల్లుమంది. అధ్యక్షుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ముసలాయన కూర్చోలేదు. పుస్తకం తిప్పనూ లేదు.

"నేనెట్ట పట్టుకుంటే ఏంది సార్? పేరా ఉండాదా, లేదా? అది చెప్పండి."

"టైమయింది, ఇక సంతకాలు మొదలెట్టండి" అన్నాడు అధ్యక్షుడు.

వరసలో అందరికన్నా చివర ముసలాయన వచ్చాడు. తొంభై రెండో పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

"ఈ పేరా కింద పెట్టండి సార్."

"సంతకం మొదటి పేజీలో పెడతారు పెద్దాయనా."

"మొదటి పేజీలో మీ పేరు అచ్చులోనే ఉండాది గదా. నాకు ఈడ కావాల."

ఆనందబాబు ఓరకంట చూశాడు. అధ్యక్షుడు మెడలో దండ తీస్తూ ఇటే చూస్తున్నాడు.

"అసలు నీకు చదువొచ్చా?" అన్నాడు ఆనందబాబు విసుగ్గా.

ముసలాయన, రచయిత వైపు తెరిచి ఉన్న పుస్తకాన్ని తన వైపు తిప్పుకోకుండానే, బల్లకు అవతల నిలబడి, అక్షరాల మీద వేలు నడుపుతూ పెద్దగా చదివాడు.

"'మా కాళ్లను తిన్న ఉప్పే మీ కూరలో పడుతోంది. రుచిగా ఉందా దొరా? చాలకపోతే చెప్పండి, చేతులు కూడా ఉన్నాయి.'"

తలుపు దాకా పోయినవాళ్లు ఆగిపోయారు. అధ్యక్షుడి ముఖం నల్లబడింది.

"ఇది మీ మాటే గదా సార్? అయితే కింద సంతకం పెట్టండి."

ఆనందబాబు పెన్ను తొంభై రెండో పేజీ మీదికి వెళ్లింది. అక్కడ కాసేపు తచ్చాడింది. చివరికి గబగబా మొదటి పేజీకి తిప్పి, సంతకం గీకి, పుస్తకం ముందుకు తోశాడు.

ముసలాయన దాన్ని ముట్టుకోలేదు.

"మీరే ఉంచుకోండి సార్. రాసినోడే నాది అనలేని మాట ఉన్న పుస్తకంలో, మొదటి పేజీ సంతకం నాకెందుకు?"

తలెత్తుకుని బయటికి నడిచాడు.

"పొగరుబోతు!" అన్నాడు అధ్యక్షుడు.

జనం వెళ్లిపోయాక ఆనందబాబు ఆ పుస్తకం తిరగేశాడు. వెనక అట్ట లోపల మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది.

అది ప్రూఫు. పేరా మీద అడ్డంగా ఎర్రగీత. పక్కన తన చేతిరాతే: 'తీసెయ్యండి.'

దాని కింద, నల్ల సిరాతో, ఇంకొకరి చేతిరాత: 'తియ్యను.'

ఆనందబాబు ఆ కాగితం పట్టుకునే లేచాడు. తలుపు దగ్గరికి పరుగెత్తాడు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా ముసలాయన లేడు.

"క్రీస్తుదాసుగారూ, ఎవరండీ ఆయన?" అని లైబ్రేరియన్‌ను అడిగాడు.

బెంచీలు సర్దుతున్న క్రీస్తుదాసు ఆశ్చర్యంగా చూశాడు.

"మీరెరగరా సార్? హుస్సేన్ సాహెబ్. నెల్లూరులో మీ పుస్తకం అచ్చయిన ప్రెస్సులోనే ముప్పై ఏళ్లు కంపోజిటరు. సీసం అక్షరాలు తలకిందులుగా పేర్చి, అట్టే చదివి చదివి, ఆ కళ్లకు పుస్తకం కూడా అట్ట పట్టుకుంటేనే తేలిక. పోయినేడు ఎవరో రచయిత భయపడి కొట్టేసిన పేరాను తియ్యనని మొండికేసి అచ్చేయించినాడని, పనిలోంచి తీసేసినారు. ఆ రచయిత ఎవరయ్యా అని మేమెంత అడిగినా, ఆ పేరు మాత్రం ఈ రోజుదాకా ఎవురికీ చెప్పలేదు సార్."